ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఒకసారి నిరాకరించారు: రెండో దరఖాస్తులో ఏం మార్చాలి, ఏం మార్చకూడదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ పూర్తి చేసి, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో క్వాలిటీ విభాగంలో రెండేళ్లు పనిచేశాను. అమెరికాలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్ చదవడానికి ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే) సెమిస్టర్‌కు సీటు వచ్చింది, వీసాకు అవసరమైన ఐ-20 అనే యూనివర్సిటీ ప్రవేశ పత్రం కూడా చేతికి అందింది. కానీ గత నెలలో జరిగిన ఇంటర్వ్యూలో 214(బి) సెక్షన్ కింద వీసా నిరాకరిస్తున్నట్లు చెప్పి, ఒక కాగితం చేతిలో పెట్టి పంపించారు.

ఇంటర్వ్యూ మొత్తం రెండు నిమిషాలు కూడా జరగలేదు. ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నారని అడిగినప్పుడు, కన్సల్టెన్సీ వారు రాసిచ్చి బట్టీ పట్టించిన జవాబును అప్పజెప్పాను. రెండో వాక్యం దగ్గరే ఆఫీసర్ నన్ను ఆపి, అక్కడ మీరు చదవాలనుకుంటున్న ఒక సబ్జెక్టు గురించి చెప్పండి అన్నారు. నేను ఎంతో ఇష్టపడి ఎంచుకున్న కోర్సే అయినా ఆ క్షణంలో ఒక్క పేరు కూడా నోటికి రాలేదు. ఖర్చు ఎవరు భరిస్తారని అడిగితే నాన్నగారి పొదుపు, విద్యారుణం అని చెప్పాను. ఆ తర్వాత చదువు పూర్తయ్యాక ఏం చేస్తారని అడిగారు. "నా దేశానికి తిరిగివచ్చి దేశానికి సేవ చేస్తాను" అన్నాను. అదీ రాసిచ్చిన వాక్యమే.

వీటన్నిటికంటే నా మనసును ఎక్కువగా తొలుస్తున్న విషయం మరొకటి ఉంది. మా అన్నయ్య మూడేళ్లుగా అమెరికాలో హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉద్యోగం చేస్తున్నాడు. వీసా కోసం ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారం కన్సల్టెన్సీ వారే నింపారు. అమెరికాలో దగ్గరి బంధువులు ఉన్నారా అనే ప్రశ్నకు వారు "లేరు" అని పెట్టారన్న సంగతి నాకు ఇంటర్వ్యూ అయిన తర్వాతే తెలిసింది. ఇంటర్వ్యూలో ఆఫీసర్ దాని గురించి అడగలేదు. ఇప్పుడు కన్సల్టెన్సీ వారిని అడిగితే, రెండోసారి కూడా "లేరు" అనే పెట్టాలని, లేకపోతే రెండు ఫారాలకూ పొంతన కుదరక పట్టుబడతామని వారు చెబుతున్నారు. పైగా యూనివర్సిటీ మార్చితే, బ్యాంకు ఖాతాలో కొంత సొమ్ము ఎక్కువ చూపిస్తే వీసా వస్తుందని అంటున్నారు.

యూనివర్సిటీ వారు స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యే) సెమిస్టర్‌కు సీటు వాయిదా వేయడానికి ఒప్పుకున్నారు. వెంటనే మళ్లీ ఇంటర్వ్యూ స్లాట్ తీసుకోవాలా, కొన్నాళ్లు ఆగాలా? అన్నయ్య విషయం ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

అమ్మా, నేను న్యాయవాదిని కాను. విద్యార్థుల దరఖాస్తుల విషయంలో చాలాకాలంగా స్వచ్ఛందంగా సాయం చేస్తున్నవాడిని. మీ ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని మీరు చివర్లో పెట్టారు. నేను దానితోనే మొదలుపెడతాను.

మీ అన్నయ్య విషయంలో రెండోసారి నిజమే రాయండి. ఇందులో మరో ఆలోచనకు తావులేదు. డీఎస్-160 ఎవరు నింపినా, చివర్లో ఎలక్ట్రానిక్ సంతకం చేసేది దరఖాస్తుదారే కాబట్టి అందులోని ప్రతి మాటకూ మీరే బాధ్యులు. ఫారం నింపడానికి ఎవరైనా సాయపడ్డారా అని కూడా అందులో విడిగా అడుగుతారు, దానికీ నిజమే చెప్పాలి. వీసా కోసం ఉద్దేశపూర్వకంగా ఒక ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారని ఆఫీసర్ నిర్ధారిస్తే, అది 214(బి) కాదు, 212(ఎ)(6)(సి)(ఐ) అనే వేరే సెక్షన్ కిందకు వస్తుంది. 214(బి) ఆ ఒక్క దరఖాస్తుతో ముగిసిపోతుంది. ఆ 212 సెక్షన్‌కు మాత్రం కాలపరిమితి అంటూ లేదు, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం వెంటాడుతుంది. మీకు సలహా ఇస్తున్నవారు చిన్న ఇబ్బందిని తప్పించుకోవడానికి మిమ్మల్ని ఈ పెద్ద ప్రమాదం వైపు నెడుతున్నారు.

రెండు ఫారాలకూ పొంతన ఉండదన్న వారి మాట నిజమే, ఉండదు. ఆఫీసర్ ముందున్న తెరమీద మీ పాత దరఖాస్తు, దానిమీద మొదటి ఆఫీసర్ రాసుకున్న వ్యాఖ్యలు కనిపిస్తాయి కాబట్టి తేడా బయటపడే అవకాశమూ ఉంది. అయితే తప్పును దరఖాస్తుదారే ముందుగా సరిదిద్దుకోవడానికీ, ఎదుటివారు పట్టుకున్న తర్వాత ఒప్పుకోవడానికీ చట్టం దృష్టిలోనూ, మనిషి దృష్టిలోనూ చాలా తేడా ఉంది. ఫారం వేరేవారు నింపడం, మీకు తెలియకపోవడం మీ వైపు వాస్తవాలు. ఒకసారి అమెరికా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి ఈ ఒక్క విషయం చూపించి, ఎలా చెప్పాలో సలహా తీసుకోవడం మంచిది. మిగిలిన విషయాలకు న్యాయవాది అవసరం లేదు, దీనికి మాత్రం ఉంది.

"మీకు ఎప్పుడైనా అమెరికా వీసా నిరాకరించారా" అనే ప్రశ్నకు కూడా ఈసారి "అవును" అనే జవాబు రావాలి. పక్కన వచ్చే పెట్టెలో ఏ నెలలో, ఏ కాన్సులేట్‌లో, ఏ సెక్షన్ కింద అన్నది ఒక్క వాక్యంలో రాస్తే చాలు. అక్కడ వాదనలు పెట్టకండి.

ఇక 214(బి) అంటే ఏమిటో మీకు కాగితం ఇచ్చారు గానీ అర్థం చెప్పి ఉండరు. 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం, కొన్ని వర్గాలను మినహాయిస్తే, వీసా అడిగే ప్రతి మనిషినీ అక్కడే స్థిరపడడానికి వస్తున్నట్లే భావించి మొదలుపెట్టాలి. కాదని ఆఫీసర్‌కు నమ్మకం కలిగించాల్సిన బాధ్యత దరఖాస్తుదారుది. విద్యార్థి అంటే ఎవరో అదే చట్టంలోని 101(ఎ)(15)(ఎఫ్) చెబుతుంది: స్వదేశంలో వదులుకునే ఉద్దేశం లేని నివాసం ఉండాలి, పూర్తికాలం చదువు చదవగల నిజమైన విద్యార్థి అయి ఉండాలి, చదువు కోసమే తాత్కాలికంగా వెళ్లాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి నమ్మకం కలిగించకపోయినా వచ్చేది ఆ ఒకే కాగితం. అందుకే 214(బి) అని వినగానే "నేను తిరిగిరానని అనుకున్నారు" అని తేల్చేసుకోవడం సరికాదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, సబ్జెక్టు పేరు చెప్పలేకపోయిన క్షణంలోనే మీరు నిజంగా చదువుకోసం వెళ్తున్నారా అన్న అనుమానం ఆయనకు వచ్చి ఉంటుందని నా అంచనా.

ఈ నిర్ణయంపై అప్పీలు లేదు. ఎన్నాళ్లు ఆగాలనే గడువూ లేదు, చట్టప్రకారం మరుసటి రోజే దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ కొత్త డీఎస్-160, మళ్లీ 185 డాలర్ల ఫీజు, మళ్లీ స్లాట్ తప్పవు, పాత ఫీజు తిరిగి ఇవ్వరు. ఏమీ మారకుండా అదే జవాబుతో వెళితే రెండో ఆఫీసర్ మొదటి ఆఫీసర్ రాసినది చదివి, దాన్ని పక్కన పెట్టడానికి తగిన కారణం కనిపించక అదే నిర్ణయానికి రావచ్చు. తక్కువ వ్యవధిలో రెండు నిరాకరణలు వచ్చినవారు మూడోసారి కిటికీ ముందు నిలబడడానికి ఎంత కుంగిపోతారో నేను దగ్గరగా చూశాను. మీకు స్ప్రింగ్ వరకు సమయం ఉంది, దాన్ని వాడుకోండి.

యూనివర్సిటీ మార్చడం గురించి: ఇష్టపడి ఎంచుకున్న కోర్సును వీసా కోసం వదులుకోకండి. యూనివర్సిటీ పేరు మారినంత మాత్రాన దరఖాస్తు బలపడదు, "పోయినసారి ఆ కోర్సే కావాలన్నారు, ఇప్పుడు ఇది కావాలంటున్నారు, ఎందుకు" అనే కొత్త ప్రశ్న పుడుతుంది. బ్యాంకు ఖాతాలోకి హఠాత్తుగా వచ్చిపడే సొమ్ము కూడా అంతే. అది ఎక్కడిదో చెప్పలేకపోతే, తక్కువ సొమ్ము ఉండడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. మొదటి ఏడాది ఖర్చుకు చేతిలో ఉన్న సొమ్ము, ఆ తర్వాతి ఏడాదికి నమ్మదగిన ఏర్పాటు ఉంటే చాలు. నాన్నగారి పొదుపు, మంజూరైన విద్యారుణం మీకు ఉన్నాయి కాబట్టి ఆ భాగం జోలికి పోకండి.

రెండో సమాధానం

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదువుతుంటే కొన్నేళ్ల కిందటి నన్ను నేను చూసుకున్నట్లు అనిపించింది. నాకు మొదటిసారి వీసా నిరాకరించి, రెండోసారి ఇచ్చారు. ఆ రెండింటి మధ్య నా మార్కులు మారలేదు, యూనివర్సిటీ మారలేదు, నాన్నగారి ఆదాయం మారలేదు. నిరాకరించిన రోజు ఇంటికి వెళ్లి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బాధ మీకు ఉంటే అది సహజమేనని చెప్పడానికే ముందు ఈ మాట రాస్తున్నాను. 2024 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా ఎఫ్-1 దరఖాస్తుల్లో దాదాపు 41 శాతం నిరాకరణకు గురయ్యాయి. మీరు ఒంటరిగా లేరు.

నేను చేసిన మొదటి పని, ఇంటర్వ్యూలో జరిగిన ప్రతి ప్రశ్ననూ, నేను ఇచ్చిన ప్రతి జవాబునూ జ్ఞాపకం ఉన్నంతవరకు ఒక కాగితం మీద రాయడం. రాసి చూసుకుంటే నా జవాబుల్లో ఎక్కడా నేను లేనని అర్థమైంది. ఆ వాక్యాలను ఏ విద్యార్థి ఏ యూనివర్సిటీ గురించి చెప్పినా సరిపోతాయి. రోజూ అలాంటి ఇంటర్వ్యూలు ఎన్నో చేసే ఆఫీసర్‌కు బట్టీ పట్టిన వాక్యం మొదటి నాలుగు మాటల్లోనే తెలిసిపోతుంది.

తర్వాత మా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలి, తప్పనిసరి సబ్జెక్టులు ఏవి, ఎంచుకునేవి ఏవి, వాటిలో ఒక్కొక్కటి ఏం నేర్పుతుంది అన్నవి నాలుగైదు రోజులు కూర్చుని చదివాను. ఇది వీసాకోసం చేసిన పని అనుకున్నాను గానీ, నిజానికి దరఖాస్తు చేయకముందే చేయాల్సిన పని అని తర్వాత అర్థమైంది. మీ విషయంలో ఇది ఇంకా సులువు. క్వాలిటీ విభాగంలో రెండేళ్లు పనిచేశారంటున్నారు. అక్కడ తిరస్కరణకు గురైన విడిభాగాల లెక్కలు చూసి ఉంటారు, కారణాలు వెతికి ఉంటారు, కొలతల్లో తేడాలు ఎందుకు వస్తున్నాయో తెలియక ఆగిపోయిన సందర్భాలు ఉండే ఉంటాయి. స్టాటిస్టికల్ ప్రాసెస్ కంట్రోల్, డిజైన్ ఆఫ్ ఎక్స్‌పరిమెంట్స్ లాంటి సబ్జెక్టులు సరిగ్గా ఆ ప్రశ్నలకే జవాబు చెబుతాయి. "నేను పనిచేసిన చోట ఈ సమస్య చూశాను, దాన్ని పరిష్కరించడానికి నాకు ఈ విద్య లేదు, ఈ డిపార్ట్‌మెంట్‌లో ఇది నేర్పుతారు" అని చెప్పగలిగితే, ఎందుకు ఈ యూనివర్సిటీ అన్న ప్రశ్నకూ, తిరిగివచ్చి ఏం చేస్తారన్న ప్రశ్నకూ సగం జవాబు వచ్చేసినట్లే.

"దేశానికి సేవ" అన్న వాక్యాన్ని మాత్రం దయచేసి వదిలేయండి. ఆ భావం చెడ్డదని కాదు. ఏ పరిశ్రమలో, ఏ రకమైన ఉద్యోగంలో, ఏ బాధ్యతలో మిమ్మల్ని మీరు చూసుకుంటున్నారో చెబితే వినేవారికి ఒక రూపం కనిపిస్తుంది. పాత సంస్థలో మీ పై అధికారితో మాట్లాడండి. ఎంఎస్ తర్వాత మీలాంటివారికి అక్కడ ఎలాంటి అవకాశాలు ఉంటాయో నిజంగా తెలుసుకోండి. నేను అలా అడిగి తెలుసుకున్న రెండు మాటలే ఇంటర్వ్యూలో నాకు ఉపయోగపడ్డాయి.

చదువు తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో అక్కడే తాత్కాలికంగా పనిచేసే అనుమతి) గురించి అడిగితే భయపడకండి. 12 నెలల ఓపీటీ, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీలకు మరో 24 నెలల పొడిగింపు నిబంధనల్లో ఉన్నవే, వాటి గురించి తెలియనట్లు నటించడం అనవసరం. కానీ మిమ్మల్ని అడగకముందే దానితో మొదలుపెడితే, చదువు కంటే ఉద్యోగమే లక్ష్యమన్న అభిప్రాయం కలుగుతుంది.

ఇంకొక మాట. రెండోసారి ఇంటర్వ్యూలో ఆఫీసర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?" అనే. నేను ఇలా చెప్పాను: "పోయినసారి కంగారులో నేను చదవబోయే విషయం గురించి సరిగ్గా చెప్పలేకపోయాను, అవకాశం ఇస్తే ఇప్పుడు చెబుతాను." మొదటి ఆఫీసర్‌ను తప్పుపట్టలేదు. మీరు కూడా ఆ జవాబును ముందుగా ఆలోచించి పెట్టుకోండి, కానీ బట్టీ పట్టకండి. రోజుకొక మాటల్లో, రోజుకొకరికి చెప్పి చూడండి.

మూడో సమాధానం

నేను ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగంలో పనిచేస్తున్నాను. పైన ఇద్దరూ ఇంటర్వ్యూ గురించి వివరంగా రాశారు కాబట్టి కాగితాల సంగతి మాత్రం చెబుతాను.

సీటు వాయిదా వేయడం అడ్మిషన్ల విభాగం పని. ఐ-20 మార్చడం మా విభాగం పని. మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరగదు. మీ ఫాల్ ప్రారంభ తేదీ రాకముందే డీఎస్‌వోకు (ఐ-20 ఇచ్చే యూనివర్సిటీ అధికారికి) ఈమెయిల్ రాసి, స్ప్రింగ్ తేదీతో ఐ-20ని సవరించమని అడగండి. తేదీ దాటిన తర్వాత అడిగితే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు రద్దయి, కొత్తది తెరవాల్సి రావచ్చు. అదే రికార్డును సవరిస్తే మీ సెవిస్ నంబరు మారదు. కొన్ని యూనివర్సిటీలు వాయిదా సమయంలో తాజా ఆర్థిక పత్రాలు మళ్లీ అడుగుతాయి, ముందే సిద్ధం చేసుకోండి.

350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టనవసరం లేదు. వీసా నిరాకరించిన తేదీ నుంచి 12 నెలల్లోపు అదే రకం వీసాకు దరఖాస్తు చేస్తే పాత చెల్లింపే చెల్లుతుంది. ఒకవేళ యూనివర్సిటీ మారి సెవిస్ నంబరు మారినా, పాత చెల్లింపును కొత్త నంబరుకు బదిలీ చేయించుకోవచ్చు. తెలియక రెండుసార్లు కట్టేవారు చాలామంది ఉన్నారు.

కోర్సు ప్రారంభానికి 365 రోజుల ముందు నుంచే వీసా ఇవ్వవచ్చు. అమెరికాలో అడుగుపెట్టడం మాత్రం 30 రోజుల కంటే ముందు కుదరదు. కాబట్టి స్లాట్ కోసం డిసెంబరు దాకా ఆగవలసిన పనిలేదు. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: కొన్ని తప్పనిసరి సబ్జెక్టులు ఫాల్‌లో మాత్రమే చెబుతారు. స్ప్రింగ్‌లో చేరితే మొదటి సెమిస్టర్‌లో ఏవి దొరుకుతాయో డిపార్ట్‌మెంట్‌ను అడగండి. ఆ సమాచారం ఇంటర్వ్యూలోనూ పనికివస్తుంది, చేరిన తర్వాతా పనికివస్తుంది.

అడిగినవారి స్పందన

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి అన్నయ్యతో మాట్లాడాను. ఫారంలో తన పేరు లేదన్న సంగతి విని చాలా బాధపడ్డాడు, ముందు దాన్ని సరిచేయమన్నాడు. కన్సల్టెన్సీకి ఇక నా దరఖాస్తు చూడవద్దని చెప్పేశాను. అయితే పాత డీఎస్-160 నా దగ్గర లేదు, కన్ఫర్మేషన్ పేజీ మాత్రమే ఉంది. అందులో ఇంకేం తప్పులు ఉన్నాయో తెలుసుకునేదెలా? అలాగే ఇంటర్వ్యూలో ఆఫీసర్ అడగకపోయినా అన్నయ్య సంగతి నేనే ఎత్తాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారి స్పందన

మంచి పని చేశారమ్మా. కన్ఫర్మేషన్ పేజీ మీద ఉన్న అప్లికేషన్ ఐడీ, మీ ఇంటిపేరులోని మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఫారం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న భద్రతా ప్రశ్నకు జవాబు ఉంటే, డీఎస్-160 వెబ్‌సైట్‌లో ఆ దరఖాస్తును తెరవవచ్చు. అక్కడినుంచే పాత వివరాలతో కొత్త దరఖాస్తు మొదలుపెట్టే వీలుంటుంది కాబట్టి, గతంలో ఏం రాశారో పేజీ పేజీగా మీ కళ్లతో చూసుకోవచ్చు. ఆ భద్రతా జవాబు కన్సల్టెన్సీ వారి దగ్గరే ఉంటుంది, దాన్ని మర్యాదగానే అయినా గట్టిగా అడిగి తీసుకోండి. అది మీ సమాచారం, దానిమీద మీకు హక్కు ఉంది. ఉద్యోగ వివరాలు, పాత ప్రయాణాలు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు కూడా సరిచూడండి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేజీని ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే ఇతరులు నింపిన ఫారాల్లో దాన్ని ఖాళీగా వదిలేయడం నేను తరచుగా చూశాను. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని కూడా కోరుతున్నారు.

మీ రెండో ప్రశ్నకు నా అభిప్రాయం: న్యాయవాది వేరేగా చెబితే తప్ప, మీరే ఎత్తండి. ఇంటర్వ్యూ మొదలైన వెంటనే, పలకరింపు అయ్యాక, "ఒక్క విషయం సరిదిద్దుకోవాలి, నా పాత ఫారం వేరేవారు నింపారు, అందులో మా అన్నయ్య అమెరికాలో ఉన్న సంగతి తప్పుగా నమోదైంది, ఈసారి సరిగ్గా రాశాను" అని చెబితే చాలు. అంతకుమించి క్షమాపణలు, కథలు వద్దు. ఆయన అడిగితే అన్నయ్య ఏ వీసా మీద, ఎక్కడ, ఏం పని చేస్తున్నాడో సూటిగా చెప్పండి. అన్నయ్య అక్కడ ఉండడం మీ దరఖాస్తును కొంత కష్టతరం చేయవచ్చు, చేయదని నేను మీకు హామీ ఇవ్వలేను. కానీ తోబుట్టువులు అక్కడ ఉండగానే వీసా పొందిన విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు.

అడిగినవారి స్పందన

భద్రతా జవాబు ఇచ్చారండి. పాత ఫారం తెరిచి చూశాను. అన్నయ్య విషయం కాక మరో రెండు తప్పులు కనిపించాయి: నేను ఉద్యోగంలో చేరిన నెల తప్పు, సోషల్ మీడియా పేజీలో ఏ ఖాతా లేదని ఉంది. న్యాయవాదితో గురువారం మాట్లాడుతున్నాను, ఈ మూడింటినీ ఆయన ముందు పెడతాను. డీఎస్‌వోకు ఈమెయిల్ రాశాను, సవరించిన ఐ-20 వచ్చాకే స్లాట్ తీసుకుంటాను. కొత్త ఫారం ఈసారి నేనే నింపుతున్నాను.